బండి నీది, కెపాసిటర్లు నావి

బండి ఆపాలంటే నాకు భయంగా ఉండేది. నడపాలంటే కాదు. ఈ మాట చెబితే జనం నన్ను వింతగా చూసేవాళ్లు. సూరత్ ట్రాఫిక్‌లో, నలభై దాటిన ఆడది పాత డీజిల్ వ్యాను నడుపుతోందంటే భయమంతా నడపడంలోనే ఉంటుందని వాళ్ల లెక్క. నడిచే బండిని ఎవరైనా నడుపుతారు, అందులో గొప్పేముంది? ఇంజను ఆపి, దిగి, పని చూసుకుని వచ్చి, మళ్లీ తాళం తిప్పితే అది లేస్తుందో లేదో తెలియకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరగమనండి, అప్పుడు తెలుస్తుంది.

నా పని ఏమిటో చెప్పకపోతే ఈ భయం అర్థం కాదు. ఇక్కడ చీరకు రంగులు, అచ్చులు మిల్లులో పడతాయి గానీ మెరుపు మాత్రం ఇళ్లల్లో పడుతుంది. మార్కెట్‌లో వ్యాపారుల దగ్గర చీరల కట్టలు, మెరుపు రాళ్ల పొట్లాలు, గమ్ము డబ్బాలు తీసుకుని అమ్రోలి గల్లీల్లోనూ, కామ్‌రేజ్ సొసైటీల్లో, అంటే కాలనీల్లోనూ ఉండే ఆడవాళ్లకు ఇంటింటికీ చేర్చడం నా పని. వంటలయ్యాక వాళ్లు గోడకానుకుని కూర్చుని ఒక్కో రాయీ అంటిస్తారు. అయిన చీరలు నేను తీసుకుని కొత్తవి ఇస్తాను. గుమ్మం ముందు ఆపాలి, దిగాలి, చీర విప్పి రాళ్లను గోటితో గీకి చూడాలి, ఊడితే పోట్లాడాలి, ఎక్కాలి, నాలుగిళ్ల అవతల మళ్లీ ఆపాలి. ఇంజను నడుస్తుండగా వదిలి వెళ్దామా అంటే, ఆ గల్లీల్లో పొగ నేరుగా ఎవరో ఒకరి వంటింట్లోకే పోతుంది. "బెన్, గాడీ బంధ్ కరో నే!" అని, బండి ఆపమని, మేడ మీద నుంచి కేక పడుతుంది. వాళ్ల చోట నేనున్నా అలాగే కేకేస్తాను, ఇంకా గట్టిగా.

ఇంజను లేవాలంటే దాన్ని తిప్పే స్టార్టరు మోటారుకు బ్యాటరీ ఒక్కసారిగా చాలా కరెంటు ఇవ్వాలి. ఇచ్చింది మళ్లీ నిండాలంటే బండి కాస్త దూరం నడవాలి. నా బండి ఒక గుమ్మం నుంచి పక్క గుమ్మానికి పోయేది, ఇక నిండేదెప్పుడు? దానికి తోడు సూరత్ ఎండ. కొత్త బ్యాటరీ వేయించిన రోజున పెళ్లికొడుకులా ఉండేది, ఏడాది తిరక్కముందే దగ్గుతూ మూలకు చేరేది. డైనమో చూపించాను, వైర్లు మార్పించాను, బ్యాటరీ దుకాణం వాడితో రెండు భాషల్లో గొడవపడ్డాను. వాడు ప్రతిసారీ ఒకటే మాట, "మేడమ్, మీరు ఎక్కువ స్టార్ట్ చేస్తున్నారు." స్టార్ట్ చేయకుండా బండి నడిపే విద్య ఉంటే అదే నేర్పమన్నాను. మళ్లీ కొత్త బ్యాటరీనే చూపించాడు.

బ్యాటరీ పడుకుంటే ధక్కానే దిక్కు. నేను లోపల గేరు వేసి క్లచ్ తొక్కి పట్టుకుంటే, రాళ్లు అంటిస్తున్న ఆడవాళ్లు లేచి వచ్చి వెనక నుంచి తోసేవాళ్లు. వాళ్ల వేళ్లకు గమ్ము ఉండేది. నా వ్యాను వెనక తలుపు మీద ఎప్పుడు చూసినా ఆకుపచ్చ రాళ్లో, ఎర్ర రాళ్లో అతుక్కుని మెరుస్తుండేవి. ఆ గల్లీలో అందరికంటే పెద్దది, మా సిరిసిల్ల వైపు మనిషే, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, తోసేది కాదు గానీ పక్కన నిలబడి అజమాయిషీ చేసేది.

"నూకుండ్రే, నూకుండ్రి! పొద్దుగాల తిన్న రొట్టెలేమైనయి? ఓ బిడ్డా, నీ బండికి పెండ్లి చెయ్యి, అప్పుడన్న బుద్ధొస్తది!"

"నాకు పెండ్లయి వచ్చిన బుద్ధేంది పెద్దమ్మా, దానికి రావడానికి?" అని నేను లోపల నుంచి.

నవ్వుతూ తోస్తే ఇంజను అందుకునేది. అందుకున్నాక నేను ఆగకుండా వెళ్లిపోవాలి, ఆగితే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని వాళ్లకు సరిగ్గా చెయ్యి కూడా ఊపకుండా పోయేదాన్ని. రోజంతా అలాగే. ఎక్కడా కుదురుగా నిలబడింది లేదు, ఒక ఇంట్లో టీ తాగింది లేదు.

అసలు కుదురు నాకు ముందు నుంచీ తక్కువ. కరీంనగర్‌లో ఫిజిక్స్‌తో బీఎస్సీ చదివాను. పెళ్లయ్యి అమ్రోలి వచ్చాక కొన్నేళ్లు నేనూ గోడకానుకుని రాళ్లు అంటించాను. ఆ పనిలో తప్పేం లేదు. నా వల్ల కాలేదు, అంతే. మా ఆయనకు సొంతంగా కొన్ని సాంచాలున్నాయి, అంటే కరెంటు మగ్గాలు. ఈ వ్యాను మొదట్లో నూలు కోన్లు మోయడానికి కొన్నాడు. తర్వాత మిల్లు వాళ్లే టెంపోలో పంపడం మొదలుపెట్టాక షెడ్డు పక్కన టార్పాలిన్ పట్టా కప్పుకుని పడి ఉంది. పట్టా తీసింది నేను, నేర్చుకుంది నేను, మార్కెట్‌లో వ్యాపారులతో మాట్లాడుకుని పని తెచ్చుకుంది నేను. కాగితాల మీద పేరు మాత్రం ఆయనది. అప్పట్లో అదో విషయంగా తోచలేదు.

మా ఆయన మాట తక్కువ మనిషి. యంత్రాలను చెవితో చూస్తాడు. షెడ్డులో అన్ని సాంచాలు ఒక్కసారి దడదడలాడుతున్నా, మూలన ఉన్నదాంట్లో ఏదో వదులైందని గడప దగ్గరే చెప్పేస్తాడు. ఒక ఆదివారం పొద్దున నా బండి పక్కకు వచ్చి, నన్ను తాళం తిప్పమని, తల వంచి విన్నాడు.

"మోటరు గుయ్యిమంటున్నది గని తిరుగుతలేదు. చేత్తోని నూకితే తిరుగుతది. అంతే కద?"

"అంతే."

"కెపాసిటర్ పోయింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. షెడ్డులో ఆయన చేసే వైద్యమే ఇది. బాబిన్లు చుట్టే చిన్న మోటారు గుయ్యిమని నిలబడితే, చేత్తో ఒక తోపు తోస్తే తిరిగితే, కెపాసిటర్ మారుస్తారు. అయిపోతుంది. సూరత్‌లో సాంచాల వాళ్ల ఇళ్లల్లో పుట్టిన ప్రతి మనిషికీ ఇది తెలుసు, సీలింగ్ ఫ్యానుకైనా అంతే. ఆ లెక్కన నా వ్యానుకూ అదే రోగం. వర్ణన అచ్చు గుద్దినట్టు అదే కాబట్టి మందు కూడా అదే.

"అది ఏసీ కరెంటు, ఇది డీసీ. అక్కడ కెపాసిటర్ చేసే పని వేరు. ఈ మోటారుకు ఆ అవసరమే లేదు," అన్నాను.

"కాలేజీ ముచ్చట్లు షెడ్డుల పనికి రావు. జర పక్కకు జరుగు."

స్టీలు గ్లాసంత వెండి రంగు డబ్బా ఒకటి తెచ్చాడు. బ్యాటరీకి రెండు పక్కలా వైర్లు తగిలించి, చేతులు దులుపుకుని, నా వైపు చూడకుండా, "తిప్పు," అన్నాడు. తిప్పాను. టక్ మంది. మళ్లీ తిప్పాను. టక్. చెంచాడు నీళ్లతో బావి నింపినట్టుంటుందని నేను అప్పుడే చెప్పవలసింది, కానీ నవ్వు ఆగలేదు. ఆ రోజంతా ఆగలేదు. మర్నాడు గల్లీలో అందరికీ చెప్పాను. సాయంత్రానికి మా ఆయన పాన్ దుకాణానికి పోతే, "అన్నా, మా ఆయనకు పొద్దుగాల లేవ చాతనైతలేదు, ఒక కెపాసిటర్ పెడుతవా?" అని గల్లీలో ఒకావిడ అడిగిందట. ఆ వారమంతా నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అవసరాలే తక్కువ, కాబట్టి ఇల్లు చాలా నిశ్శబ్దంగా గడిచింది.

తర్వాత కామ్‌రేజ్ చౌరస్తా దగ్గర అది జరిగింది. మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. ముందు లారీ ఉన్నట్టుండి బ్రేకు వేస్తే నేనూ వేశాను, ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే టక్ కూడా అనలేదు. వెనక హారన్లు. మా ఆయనకు ఫోను చేసి, దిగి ఒక్కదాన్నే తలుపు పట్టుకుని పక్కకు తోస్తున్నాను. వెనక లారీవాడు కదులుతున్న నా బండి స్టార్టయిందనుకుని ముందుకు తీశాడు. వాడి బంపరు నా వీపు వెనక జానెడు దూరంలో ఆగింది. నేను చూడలేదు. చూసింది మా ఆయన. ఆ రోజు పని మీద ఆ దగ్గర్లోనే ఉండి, నా ఫోను అందుకుని మోటారు సైకిల్ మీద వచ్చి, సరిగ్గా అప్పుడే అవతలి పక్కన ఆగాడు.

నేను లారీ డ్రైవరుతో పోట్లాడుతున్నాను. మా ఆయన మా మధ్య నుంచి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. బండిని పక్కకు తోశాడు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అన్నాడు.

"బండి అమ్మేద్దాం."

"ఎవరిది?"

"ఎవరిదేంది? మనది. బావకు కావాలంటున్నడు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం చూసుకోవడానికి వస్తడు."

బావ అంటే మా ఆడబిడ్డ మొగుడు, ఆల్థాన్‌లో ఉంటాడు, నూలు కోన్ల వ్యాపారం. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

"మరి నా పని?"

"టెంపో మాట్లాడుదాం. వాడే చీరలు ఇచ్చి వస్తడు, తెస్తడు. నువ్వు ఇంట్ల కూసోని లెక్క చూసుకో. పొద్దంత ఏం తిరుగుడే?"

తిరుగుడు అన్న మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ పూట నేను అన్నవి ఇక్కడ రాయను. టెంపోవాడికి రాయి ఊడుతుందో లేదో గోటితో గీకి చూడటం తెలుసా అని మాత్రం అడిగాను.  ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. నాలుగు గోడల మధ్య మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుసు. ఆ పట్టా కింద బండి కాదు, నేను పడి ఉన్నాను అన్ని రోజులు. మళ్లీ ఎవరూ నా మీద పట్టా కప్పలేరు.

కోపంతో ఏ పనీ తోచక తిరుగుతుంటే ఆ వెండి డబ్బా కనపడింది, కిటికీలో పడేసి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. కాలేజీలో దీనితో ప్రయోగం చేశాం. కెపాసిటర్‌ను నింపి, ఖాళీ అవుతుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని గీత గీసేవాళ్లం. ఒక్క ఫారడ్ కొలతంత కరెంటు దాచే కెపాసిటర్ కావాలంటే గదంత అవుతుందని మా లెక్చరర్ అంటుంటే నవ్వుకునేవాళ్లం. మరి ఇప్పుడో? ఫోనులో వెతికాను. కూల్ డ్రింక్ డబ్బా అంత సైజులో, ఒక్కోటి వందల ఫారడ్లవి అమ్ముతున్నారు. అవి వేసుకుని చచ్చిపోయే బ్యాటరీలతో లారీలు లేపుతున్నారు కొందరు. మా ఆయన చెప్పింది తప్పు. కాకపోతే తప్పు ఎంతలో ఉందంటే, ఆయన తెచ్చిన దానికి కొన్ని కోట్ల రెట్లు పెద్దది తేవలసింది. ఈ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఇందులో మర్మం పెద్దదేం కాదు. మన నల్లాలో నీళ్లు సన్నగా వస్తాయనుకోండి. ఆ ధార కింద చేతులు పెట్టి గోడ కడగలేం. బకెట్టు పెట్టి, నిండాక ఒక్కసారి గుమ్మరిస్తే గోడ కడుగుతుంది. ముసలి బ్యాటరీ ఆ నల్లా లాంటిది. దానిలో కరెంటు లేక కాదు, ఒక్కసారిగా ఇవ్వలేదు, అంతే. మెల్లగా కెపాసిటర్లను నింపుతుంది, తాళం తిప్పగానే అవి దాచుకున్నదంతా ఒక్క ఉదుటున మోటారు మీద గుమ్మరిస్తాయి. ఇంజను లేచాక మళ్లీ నింపుకుంటాయి, అదీ చిటికెలో. నా లాంటి గుమ్మం గుమ్మం బండికి ఇంతకంటే ఏం కావాలి?

ఆరు తెప్పించాను. బండిలో పధ్నాలుగు వోల్టుల దాకా ఉంటుంది, ఒక్కోటి మూడు వోల్టుల లోపే తట్టుకుంటుంది కాబట్టి ఆరింటిని వరసగా కలపాలి. ఏ ఒక్కటీ తన వాటాకు మించి నిండకుండా చూసే చిన్న పలక ఒకటి వాటి నెత్తిన బిగించాలి. పాత టిఫిన్ పెట్టెలాంటి ప్లాస్టిక్ డబ్బాలో అన్నీ అమర్చి మందపాటి తీగలు బయటికి తీశాను. సాయంత్రం పూట వాకిట్లో బానెట్ తెరిచి కూర్చుంటే మా ఆయన గుమ్మంలో టీ పట్టుకుని నిలబడ్డాడు. చూడనట్టు నటిస్తున్నాడు. నటన రాదు ఆయనకు.

"ఖాళీ కెపాసిటర్ను సీదా బ్యాటరీకి పెడ్తె నిప్పు లేస్తది," అన్నాడు, టీ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు.

"తెలుసు."

"తెలుసంటవు. చేతులు కాలినంక తెలుస్తది."

నిజంగానే తెలుసు. కరెంటు ఒక్కసారిగా దూకకుండా పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి మధ్యలో కలిపి పెట్టుకున్నాను. ఆఖరి తీగ తాకించగానే బల్బు భగ్గున వెలిగింది, వాకిలంతా పచ్చగా అయ్యింది. తర్వాత తగ్గడం మొదలైంది. ఆ తగ్గడం నాకు బాగా తెలుసు. మొదట గబగబా, ఆ తర్వాత నింపాదిగా, చివరికి అసలు తగ్గుతోందా లేక నా కళ్లే అలా అనుకుంటున్నాయా అనిపించేలా. కాలేజీలో గీసిన గీత మా వాకిట్లో కనపడుతోంది. బల్బు పూర్తిగా ఆరిపోయింది. అంటే కెపాసిటర్లు నిండాయి. బల్బు తీసేసి తీగలు నేరుగా బిగించాను. మా ఆయన టీ చల్లారిపోయింది, తాగలేదు.

తాళం తిప్పాను. మూలగడం లేదు, దగ్గడం లేదు. ఎవరో వెనక నుంచి చరిచినట్టు ఒక్కసారే లేచింది ఇంజను. ఆపాను, తిప్పాను, లేచింది. మళ్లీ ఆపాను. పాత బ్యాటరీయే, ఏమీ మార్చలేదు. గంతులేయాలనిపించింది గానీ గుమ్మంలో మనిషి ఉన్నాడు.

"కెపాసిటర్ అని ముందుగాల చెప్పింది నేనే," అన్నాడు మా ఆయన.

"నువ్వు చెప్పింది ఫ్యాను కెపాసిటర్."

"కెపాసిటరే కద." గ్లాసు లోపల పెట్టి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు విన్నాడు. "మంచిగైంది. ఇగ బావ కూడ వంక పెట్టడు."

నేను తాళం తిప్పి ఇంజను ఆపేశాను. ఇది నాకు తట్టనే లేదు. బండి బాగైతే అమ్మే మాట పోతుందనుకున్నాను, బాగైతేనే కదా అమ్ముడుపోయేది! నా చేతులతో నేనే దానికి ముస్తాబు చేసి పెట్టాను.

ఆ వారమంతా నా ఒంట్లో ఏదో ఇంజను ఆగకుండా తిరిగింది. గల్లీల్లో బండి చక్కగా ఆగుతోంది, చక్కగా లేస్తోంది. నేను మాత్రం ఒక చోట నిలవలేకపోతున్నాను. చీరలు రెండుసార్లు చూస్తున్నాను, అవసరం లేని చోట పోట్లాడుతున్నాను. ధక్కా అక్కర్లేకుండా బండి లేవడం చూసి పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందే, బండికి బుద్ధొచ్చిందా? మా నౌకరీ తీసేస్తివి గద!"

అప్పుడు చెప్పాను, బండి అమ్మేస్తున్నారని, టెంపోవాడు వస్తాడని. గోడకానుకుని ఉన్న వాళ్లందరి చేతులూ ఆగాయి. పెద్దమ్మ గమ్ము వేళ్లు కొంగుకు తుడుచుకుంది.

"టెంపోవాడు మొగోడు. వాడు గోటితోని గీకి రాయి ఊడిందంటే వానితోని మేమెట్ల కొట్లాడాలె? నీతోనంటే అలవాటైంది."

ఇంత గొప్ప కితాబు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. తిరిగి వస్తూ తాపీ నది వంతెన మీద ఒక నిర్ణయానికి వచ్చాను. దొంగచాటుగా ఏమీ చేయను. చేసేది అందరి ఎదురుగా చేస్తాను.

ఆదివారం బావ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫాఫ్డా పొట్లం, అంటే ఇక్కడి శనగపిండి చిరుతిండి. నాకు వరసకు అన్న అవుతాడు. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, వెనక తలుపు మీది రాళ్లు చూసి, "చెల్లె, దీన్ని కూడ చీర చేసినవా?" అన్నాడు. ఎక్కి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది. మొహం వెలిగిపోయింది.

"బావా, మంచిగుంది! చలో, కాగితాలు చూద్దాం."

"అన్నా, బండి నచ్చిందా?" అన్నాను.

"నచ్చింది చెల్లె."

"సంతోషం. ఇంజను ఆపి జర దిగు. నా సామాను తీసుకుంటా."

పానా తెచ్చి బానెట్ తెరిచాను. మా ఆయనకు అర్థమైంది. అయినా కదల్లేదు. డబ్బా తీగలు విప్పి, కొసలకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాను, నిండు కెపాసిటర్లతో ఆటలు పనికిరావు. డబ్బా ఎత్తి అరుగు మీద పెట్టాను.

"బండి మా ఆయనది, పేరు కూడ ఆయనదే. అమ్ముకోవచ్చు. ఈ డబ్బా నేను కొన్నది, నేను కట్టింది. ఇది అమ్మేది కాదు. ఇప్పుడు తిప్పు అన్నా."

చెప్పొద్దూ, నాకూ నమ్మకం లేదు. ఆ ముసలి బ్యాటరీ మొండిది, ఒక్కోసారి ఎవరూ అడగనప్పుడు లేచేది. ఆ క్షణంలో లేస్తే నా పని అయిపోయినట్టే. బావ తిప్పాడు. టక్. నా వైపు చూసి మళ్లీ తిప్పాడు. టక్.

"ఏంది బావా గిది?" అన్నాడు బావ.

"కొత్త బ్యాటరీ వేస్కో, నడుస్తది," అన్నాడు మా ఆయన.

"నేను కూడ దుకాణం దుకాణం తిరిగేటోన్నే. ఏడాదికోటి వేస్కోవాల్నా? చెల్లె, డబ్బాతోని కలిపియ్యి."

"డబ్బాతోపాటు నేను కూడ రావాలె. జీతానికి పెట్టుకుంటవా?"

"మా ఇంట్ల ఉన్న ఒక్కతితోనే వేగుతలేను తల్లీ," అన్నాడు బావ. 

మా ఆయన నా మీద గొంతు లేపాడు. పెళ్లయ్యాక అది ఎన్నోసారో చెప్పడానికి ఒక్క వేలు చాలు. "నీకు ఆట ఉన్నది గాని, ఆ లారీ గింత దూరంల ఉండె. గింత." బొటనవేలు, చూపుడు వేలు చాపి చూపించాడు.  "నువ్వు చూడలే. నువ్వు వానితోని కొట్లాడుతున్నవు. చూసింది నేను. బండి మొరాయిస్తే నువ్వు మళ్ల దిగుతవు, మళ్ల నూకుతవు. నీకు ఊకుండ రాదు."

బావ ఫాఫ్డా పొట్లం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అయితే ఆ ముచ్చట చెప్పాలె," అన్నాను.  "తిరుగుడు అంటవేంది? భయమైందని చెప్పడానికి నోరు లేదా?"

"నీ ముంగట ఎవనికుంటది నోరు?"

దీనికి జవాబు నాకు ఉంది, ఇప్పటికీ ఉంది, కానీ అప్పుడు ఇవ్వలేదు. అరుగు మీది డబ్బా దగ్గరికి ఆయనే వెళ్లాడు. ట్యూబు ముక్కలు తీయకుండా పైన చెయ్యి పెట్టి చూశాడు, వేడిగా ఉందా అన్నట్టు. లేదు.

"ఎన్నొద్దులు పని చేస్తది?"

"బ్యాటరీ కంటె చాన ఎక్కువ."

"గ్యారంటీ ఉన్నదా?"

"నీ సాంచాలకున్నదా?"

"సాంచా నడిరోడ్డు మీద ఆగది." డబ్బా మీది చెయ్యి తీశాడు. ఆ తర్వాత బావతో అన్నాడు, "బావా, ఏమనుకోకు. డబ్బా లేకుంటె బండి నీకు పనికి రాదు. డబ్బా ఈమె ఇయ్యది. రోజు పొద్దుగాల నువ్వు నాకు ఫోను చేసి తిట్టుడు, ఈమె ఇంట్ల తిట్టుడు, ఇద్దరి నడుమ నా వల్ల కాదు."

"మీ ఇద్దరి నడుమ వచ్చుడు నాదే బుద్ధి తక్కువ," అంటూ బావ కూర్చుని ఫాఫ్డా పొట్లం విప్పాడు. టీ పెట్టాను. తిని, తాగి, పోయేముందు నా దగ్గరికి వచ్చి, ఆ డబ్బా లాంటిదే ఇంకొకటి కట్టిస్తావా చెల్లె, నా పాత జీపుకు, అని మెల్లగా అడిగాడు. చూద్దాం అన్నాను.

మా ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. కామ్‌రేజ్ పోయిన రోజు చేరగానే ఫోను చేయాలి. నేను చిన్నపిల్లనా అని వాదించాను. డబ్బా బిగిస్తూ వాదించాను, బల్బు పెట్టి చూస్తూ వాదించాను. ఈసారి తీగలు పట్టుకుంది ఆయనే, అయినా వాదించాను. 

సోమవారం కామ్‌రేజ్‌లో మొదటి సొసైటీ గేటు ముందు బండి ఆపాను. నేను చేయకముందే ఫోను మోగింది.

"చేరినవా?"

"ఇప్పుడే. దిగనియ్యవా?"

"బండి బంద్ చేసినవా?"

"చేసిన."

"మళ్ల చాలూ చెయ్యి."

"ఎందుకు? ఇప్పుడే కద ఆపిన."

"చెయ్యవే. ఫోను బానెట్ దగ్గర పెట్టు."

ఆయన వెనక సాంచాల చప్పుడు లేదు. అంటే షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాడన్నమాట. కిటికీలోంచి చెయ్యి చాపి ఫోను ముందుకు పెట్టి తాళం తిప్పాను. లేచింది. గేటు దగ్గర చీరల మూటలతో నిలబడ్డ ఆడవాళ్లు నన్నూ, నా ఫోనునూ వింతగా చూస్తున్నారు.

"ఇంకోసారి," అంది ఫోను.

ఆపి మళ్లీ తిప్పాను. లేచింది.

"ఊఁ."

"ఊఁ ఏంది? మంచిగున్నదా లేదా, నోరు తెరిచి చెప్పు."

"బెల్టు కూస్తున్నది. సాయంత్రం వచ్చినంక చూస్త," అని పెట్టేశాడు.

ఇంజను ఆపకుండా దిగి, బానెట్ ఎత్తి, చెవి పెట్టి విన్నాను. బెల్టు ఏమీ కూయడం లేదు, మంచిగున్నదని ఒప్పుకోలేక పెట్టిన వంక అది. ఆ ముక్క చెప్పడానికి వెంటనే ఫోను చేశాను. ఎత్తాడు గానీ, అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. అవతల సాంచాలు దడదడలాడుతున్నాయి, నేనెంత అరిచినా ఆయనకు ఒక్క మాటా వినపడలేదు.